గండిలో లెక్కించిన ఆరు కప్పులు

కడప మండలములో వేంపల్లెకు చేరువను పాపఘ్ని నది రెండు కొండలను చీల్చుకొని బయటికి వచ్చు తావును గండి యందురు. అచ్చటి ఆంజనేయస్వామిని ఎరుగనివారు మా సీమలో లేరు. శ్రావణమాసపు శనివారములందు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నుండి జనము పూర్వము బండ్లు కట్టుకొని వచ్చెడివారు. నేడు బస్సులలోను మోటారు సైకిళ్ళ మీదను వచ్చుచున్నారు. శ్రీరాముడు లంక నుండి మరలి వచ్చునప్పుడు వాయుదేవుడు ఈ కొండల నడుమ బంగారు తోరణము కట్టి స్వాగతమొసగెనట. ఆ తోరణము ఇప్పటికిని అచ్చటనే యున్నదట. అవసానకాలము సమీపించిన పుణ్యాత్ములకు మాత్రమే అది కనబడునట. దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరుగా నుండి పిమ్మట మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో ఈ దారిని పోవుచు తలయెత్తి తోరణమును చూచెననియు, వెంట నున్నవారికి ఏమియు కనబడలేదనియు, కొలది దినములకే ఆయన మరణించెననియు మా పెద్దలు చెప్పుదురు. చరిత్ర గ్రంథమును విప్పినచో, మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించినట్లున్నది. తోరణము మాట అందులో లేదు.

నేను చరిత్ర పాఠము చెప్పి బ్రతికినవాడను. తరగతిలో ఎల్లప్పుడును కలరా మాటయే చెప్పితిని. అయినను గండికి పోయినప్పుడెల్ల ఒకసారి తలయెత్తి కొండల నడుమ చూడక మానలేదు.

శ్రోతలారా, ఈ దినము నేను చెప్పబూనినది మన్రోను గూర్చి కాదు. అదే గండిలో, పాపఘ్ని యిసుకలో, ఏటేట శ్రావణ శనివారమున కూర్చుండి ఫుట్‌బాలు ఆటను గూర్చి ముచ్చటించుకొనుచుండిన ముగ్గురు వృద్ధులను గూర్చి. వారు తలచి తలచి మురియుచుండిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును గూర్చి. ఆ జట్టు బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. రికార్డులలో ఉన్నది ఐదు. మా మేనమామ లెక్కలో ఆరు. ఈ ఒక్క కప్పు తేడాను తీర్చుకొనుటకు నాకు చాలకాలము పట్టినది.

మా మేనమామ వేంపల్లె వైపువాడు. ప్రొద్దుటూరులో ఒక ప్రత్తి వ్యాపారి కొట్టులో గుమాస్తాగా నుండెను. బంగారము, ప్రత్తి వ్యాపారముల వలన ప్రొద్దుటూరును రెండవ బొంబాయి యని మావారు గొప్పగా చెప్పుకొందురు. మొదటి బొంబాయిని ఏటేట చూచి వచ్చుచుండిన కొద్దిమందిలో మా మామ యొకడు. సంవత్సరమునకు ఒకసారి యజమాని ఆయనను బొంబాయి దలాలు వద్దకు లెక్కలు తేల్చుకొని రమ్మని పంపెడివాడు. ప్రొద్దుటూరుకు ఆనాడు రైలు లేదు. బస్సులో పెన్న దాటి ఎర్రగుంట్ల చేరి, అచ్చట మద్రాసు నుండి బొంబాయికి పోవు మెయిలు ఎక్కవలెను. ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని, రాయచూరు అని ఆయన స్టేషనుల పేర్లను విష్ణుసహస్రనామము వలె వల్లించుచుండెను. చద్దిమూటలోని సద్దరొట్టె రాయచూరు వరకు వచ్చెడిదనియు, అటుపైన పరదేశమనియు ఆయన మాట.

1950లో ఆయన మొదటిసారి కూపరేజి మైదానమునకు పోవుట ఇష్టమున జరిగినది కాదు. దలాలుకు ఫుట్‌బాలు పిచ్చి. రోవర్సు పోటీలు జరుగు దినములలో సాయంకాలమైనచో కొట్టు మూసి మైదానమునకు పోవును. లెక్క తేలవలెనన్న గుమాస్తా ఆయన వెంట పోవలసినదే. మా మామకు ఆటయొక్క నియమములు కూడ తెలియవు. రెండు జట్లు దిగినవి. ఒక జట్టువారు ఒకరినొకరు కేకలు వేసి పిలుచుకొనుచుండిరి. ఆ కేకలు విని ఈయన బెంచీ మీద నుండి లేచి నిలువబడెనట. ఆ సంగతిని ఆయన మాటలలోనే చెప్పెదను.

“బొంబాయి హిందీ నాకు రాదబ్బీ. ఆడ ఎవరేమన్నా దలాలు మొగం చూసేవాణ్ణి. ఆ పిల్లోళ్ళు ‘నక్కో నక్కో’, ‘హౌ హౌ’ అని అరుస్తాంటే మా ప్రొద్దుటూరు వీధిలో ఉన్నట్లే ఉండె. ఇంగ నేను ఎవరి పక్క ఉండాల?”

ఈ మాటలో నున్న చరిత్రను నేను విప్పి చెప్పవలెను. కడప ప్రాంతమును నిజాము 1800లో ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములను పేరు అందువలననే వచ్చినది. ఆ పేరు మాకు రుచింపక 1928లో నంద్యాల సభ నాడు రాయలసీమ యని మార్చుకొంటిమి. పాలన మారినది, పేరు మారినది. కాని కడపలోను ప్రొద్దుటూరులోను మహమ్మదీయుల ఇండ్లలో దక్కనీ భాష మారలేదు. గోలకొండలోని ‘నక్కో’ ప్రొద్దుటూరులోను ‘నక్కో’యే. నూటయేబది యేండ్ల క్రిందట రాజులు గీచిన గీత ఒకటి యున్నది గదా, ఆ గీతకు ఆవలి జట్టును ఈవలి గుమాస్తా ఒకడు చెవితో గుర్తుపట్టెను.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదులో ప్రవేశించి నిజాము పాలనకు ముగింపు పలికినది. అంతకుముందు రజాకారుల దినములలో సరిహద్దు దాటి మా జిల్లాలకు వచ్చి తలదాచుకొన్న కుటుంబములు ఉండినవి. అట్టి కుటుంబమునకు చెందిన ఒక వర్తకుడు అదే రైలులో తిరిగి వచ్చుచు, నిజాము పోలీసులకు చప్పట్లు కొట్టితివా యని మా మామను నిలదీసెనట. గుంతకల్లు వరకు వారిరువురును మాటలాడుకొనలేదట. ఆ వర్తకుని కోపము అన్యాయమైనదని నేను అనలేను. ఆ సంవత్సరమున ఆ జట్టుకు నిజాము పోయి రెండేండ్లే. యూనిఫారము రంగు మారినంత మాత్రమున మనసులు మారవు. మా మామకు ఆ సంగతి తెలియును. కాబట్టియే ప్రొద్దుటూరులో ఆయన ఈ పిచ్చిని బహిరంగముగా చాటుకొనలేదు. గండి యిసుకలో మాత్రము చెప్పుకొనెడివాడు.

రోవర్సు కప్పు పూర్వచరిత్ర కొంత చెప్పవలెను. మన దేశమున ఫుట్‌బాలు కప్పులలో డ్యూరాండు 1888లో సిమ్లాలో మొదలైనది; రోవర్సు 1891లో బొంబాయిలో. రెండును తెల్లదొరల పటాలములు తమలో తాము ఆడుకొనుటకు ఏర్పడినవి. రోవర్సు కప్పును భారతీయుల పౌరజట్టు ఒకటి గెలుచుటకు 1937 వరకు ఆగవలసివచ్చెను. ఆ ఏడు బెంగుళూరు ముస్లిములు గెలిచిరి. 1949లో కలకత్తా ఈస్టు బెంగాలు గెలిచెను. ఇట్టి పోటీలో, పోలీసు కొలువులో నున్న పిల్లల జట్టు ఒకటి దక్కను నుండి దిగి, మరుసటి యేటి నుండి ఐదేండ్లపాటు ఇతరులకు కప్పును చిక్కనీయలేదు. ఈ పోటీ పద్ధతి యెట్టిదనగా, ఓడిన జట్టు ఆనాడే పెట్టె సర్దుకొని రైలెక్కవలెను. రేపు సరిదిద్దుకొందమను అవకాశము లేదు. ఒక్క సాయంకాలము కాలు జారినచో ఆ సంవత్సరము పోయినట్లే. ఐదు సంవత్సరములలో ఒక్క సాయంకాలమైనను వారికి అట్లు జారలేదు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండు ఫైనలున మోహన్ బగానును ఓడించి ఆ కప్పును కూడ తెచ్చిరి.

ఆ జట్టు వెనుక సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఉపాధ్యాయుడు ఉండెను. 1909లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, బడులలో పాఠములు చెప్పి, వ్యాయామ విద్యలో పట్టము పొందిన మనిషి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షకుడయ్యెను. ఆయనను అందరును రహీమ్ సాహెబనిరి. బంతిని కాలివద్ద పెట్టుకొని గారడీ చేయుట ఆయనకు పనికిరాదు. డ్రిబులు చేయరాదను నియమముతో పోటీలు పెట్టించెను. బంతి తగిలిన వెంటనే తోడివానికి అందింపవలెను. వాటము లేని కాలితోనే తన్నవలెనని పిల్లలకు వేరే ఆటలు కల్పించెను. బడిపంతులు లక్షణము ఇది. వచ్చిన పాఠమును మరల అప్పగించుకొనడు, రాని పాఠమునే అడుగును.

ఈ శిక్షణ సంగతి గండిలోని రెండవ వృద్ధుని వలన నాకు బాగుగా తెలిసినది. ఆయన మా వైపువాడే. పోలీసులో కానిస్టేబులుగా చేరి, 1956 తరువాత హైదరాబాదుకు బదిలీపై పోయి, హెడ్డు కానిస్టేబులుగా విశ్రాంతి తీసుకొని వచ్చెను. తెల్లవారుజామున ఫతేమైదానమునకు పోయి జట్టు సాధనను చూచుట ఆయనకు నిత్యకృత్యముగా నుండెనట. ఫతేమైదానమనగా విజయక్షేత్రము. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సేనలు విడిసిన చోటు అది. కోట పట్టుబడిన పిదప ఆ పేరు వచ్చెనందురు. అచ్చట రహీమ్ సాహెబు కేక వేయుట తాను ఒక్కనాడును వినలేదని హెడ్డుగారు చెప్పెను. తప్పు చేసినవానిని దగ్గరకు పిలిచి, భుజము మీద చేయి వేసి, మైదానము చుట్టును నడిపించుచు ఏదియో చెప్పెడివాడట. ఆ నడక ముగిసిన తరువాత ఆ పిల్లవాడు అదే తప్పు మరల చేయుట తాను చూడలేదని ఆయన వాదము. నేను ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పితిని. ఈ మాటను నేను పూర్తిగా నమ్మలేదు. కాని హెడ్డుగారి ఎదుట ఆ సందేహమును బయటపెట్టుటకు నాకు ధైర్యము చాలలేదు.

మూడవవాడు జమ్మలమడుగు వైపు పల్లెలో బడిపంతులు. ఆయన ఒక్క ఆటయు చూచినవాడు కాడు. మద్రాసు నుండి వచ్చు ఆంధ్రపత్రికను చదివి ఆటను మనసులో కట్టుకొన్నవాడు. పత్రిక ఆయన పల్లెకు ఆలస్యముగా వచ్చెడిది. బొంబాయిలో కప్పు గెలిచి, ఆటగాండ్రు హైదరాబాదు చేరి, దండలు వాడిపోయిన తరువాత జమ్మలమడుగులో ఈయనకు గుండెలు దడదడలాడెడివి. ముగ్గురిలోను కడు వివరముగా గోలులను వర్ణింపగలవాడు ఈయనయే. బంతి ఎవని నుండి ఎవనికి పోయినదో, గోలుకీపరు ఏ ప్రక్కకు పడెనో కన్నులకు కట్టినట్లు చెప్పెడివాడు. చూచివచ్చిన మా మామ నోరు తెరచి వినుచు, “అవునా? నేను చూడలేదే!” యనెడివాడు.

నిజమే, మా మామకు గోలులు జ్ఞాపకము లేవు. నేను ఎన్ని సారులో అడిగితిని. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, మొయినుద్దీను అని పేర్లు చెప్పును. ఈ ముగ్గురును 1952 హెల్సింకి ఒలింపిక్కు జట్టుకు పోయినవారు. అచ్చట యుగోస్లావియా చేతిలో 10-1 గోలుల తేడాతో మనవారు చిత్తుగా ఓడి వచ్చిరి. కాళ్ళకు బూట్లు లేక తడినేలపై జారిన దినమది. ఆ ఓటమి తరువాత వారు బొంబాయికి వచ్చి మరల రోవర్సు గెలిచిరి. ఆ యేడు మామ మైదానములో వారి పాదములవంకనే చూచుచు కూర్చుండెనట. ఏమి చూచితివని యడిగితిని. “దెబ్బలు,” అనెను. అంతకుమించి ఆ సంవత్సరపు ఆటను గూర్చి ఆయన వద్ద ఏమియు లేదు.

తక్కిన సంవత్సరముల సంగతియు అట్లే. ఒక యేడు దలాలు కొట్టి యిచ్చిన పందెపు సొమ్ముతో చర్చిగేటు వద్ద తిన్న మిఠాయి, ఒక యేడు ఆట ముగియక మునుపే మెయిలుకు వేళయగుటచే స్టేషనునకు పోలేక, టికెట్టు సొమ్ము పోగొట్టుకొని, యజమానికి జ్వరమని తంతి యిచ్చిన వైనము, ఒక యేడు బయటికి వచ్చుచున్న ఆటగాడొకనికి ప్రొద్దుటూరు తెలుగులో “బాగా ఆడితివి నాయనా” యని చెప్పగా, అతడు నిలిచి తెలుగులోనే “మీదే వూరు?” అని యడిగిన ముచ్చట. ఈ చివరిదానిని చెప్పునప్పుడు మామ గొంతు ప్రతిసారియు మారెడిది. ఆ ఆటగాడెవడో ఆయనకు తెలియదు. పేరడుగుట మరచెనట.

ఆరవ కప్పు సంగతికి వచ్చెదను. నేను కళాశాలలో చదువుచుండగా, గ్రంథాలయములో ఒక క్రీడావార్షికమున రోవర్సు విజేతల పట్టిక కనబడినది. 1950, 51, 52, 53, 54 - హైదరాబాదు పోలీసు. 1955 - మోహన్ బగాను. 1956 - మహమ్మడన్ స్పోర్టింగు. 1957 - మరల హైదరాబాదు పోలీసు. కాగితము మీద వ్రాసుకొని, ఆ శ్రావణమున గండికి పోయి ముగ్గురి యెదుటను పెట్టితిని. అప్పటి నా సంతోషమును తలచుకొనిన నేడు సిగ్గగుచున్నది. చరిత్ర చదువుకొన్న కుర్రవానికి పెద్దల లెక్కలో తప్పు పట్టుటకంటె మించిన పండుగ లేదు.

బడిపంతులు కాగితమును చదివి తల యూపెను. హెడ్డుగారు మామవంక చూచెను. మామ పాపఘ్ని నీటిలో కాళ్ళు పెట్టుకొని కొంతసేపు మాటలాడలేదు. పిదప ఇట్లనెను.

“ఆ రెండేండ్లు నేను బొంబాయికి పోలేదబ్బీ.”

యజమానికి ఆ రెండేండ్లును ప్రత్తిలో నష్టము వచ్చినది. బొంబాయి లెక్కలు ఉత్తరముల మీదనే జరిగినవి. 1957లో మామ మరల మెయిలెక్కెను. దలాలు మరల కూపరేజికి తీసికొనిపోయెను. హైదరాబాదు మరల గెలిచెను. “నేను పోయింది ఆరుసార్లు, వాళ్ళు గెలిచింది ఆరుసార్లు. నీ పుస్తకంలో ఏముంటే నాకేం? యాడ తప్పిన్నానో నువ్వే చెప్పు,” అని కాగితమును నాకు తిరిగి యిచ్చెను.

నేను చెప్పలేకపోతిని. పట్టిక సంవత్సరములను లెక్కించినది. మామ తన రాకపోకలను లెక్కించెను. ఆయన ఎన్నడును “వరుసగా ఆరేండ్లు” అనలేదని నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. “వరుసగా” అను మాటను చేర్చి విన్నది నేను. ఆయన వరుస ఎర్రగుంట్ల స్టేషనున మొదలై ఎర్రగుంట్ల స్టేషనున ముగియును. ఆ వరుసలో నిజముగనే ఒక్క ఓటమియు లేదు. అంతేకాదు, తాను పోనందువలననే ఆ రెండేండ్లు వారు ఓడిరని ఆయనకు లోలోపల గట్టి నమ్మకము. మోహన్ బగాను ఆటగాండ్ర సామర్థ్యము వలన కాదట, ప్రొద్దుటూరు ప్రత్తి ధర పడిపోయినందువలననట! బంగారు తోరణమును చూచినందువలన మన్రో మరణించెననువారి ఊరివాడే గదా ఆయన.

నా వృత్తిధర్మమున కొంత చెప్పవలసియున్నది. ఇట్టి జ్ఞాపకములను చరిత్రకారులు సాధారణముగా ప్రక్కకు నెట్టుదురు. సాక్షికి తేదీలు తెలియవు గనుక సాక్ష్యము చెల్లదందురు. నేనును అట్లే చేసితిని. కాని సాక్షి ఏ కొలతతో లెక్కించుచున్నాడో ముందు అడిగి తెలిసికొనవలెను. ఆ పిమ్మటనే తప్పొప్పుల మాట. పత్రికలు ఎవరు గెలిచిరో చెప్పును. కడప మండలపు గుమాస్తా ఒకడు, తన రాష్ట్రము కాని రాష్ట్రపు జట్టుకొరకు, యజమానికి జ్వరమని అబద్ధపు తంతి యేల యిచ్చెనో చెప్పుటకు ఆ గుమాస్తాయే కావలెను.

‘తన రాష్ట్రము కాని’ యంటిని. ఇందులో మరియొక చిక్కు కలదు. 1950లో మామ మద్రాసు రాష్ట్రపువాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని యయ్యెను. హైదరాబాదు అప్పటికిని వేరే రాష్ట్రము. ఐదు కప్పులును పొరుగువారివే. 1956 నవంబరు 1న రెండును కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. అనగా 1957 నాటి ఆరవ కప్పు ఒక్కటియే చట్టప్రకారము ఆయన సొంతరాష్ట్రపుది. దలాలు ఆనాడు నవ్వుచు, ఇక మీ జట్టు మీదే యైనది గదా, మిఠాయి నీవే పెట్టవలెననెనట. మామ పెట్టెను. అయితే మీకు అన్నింటికంటె ఆనందము కలిగించిన కప్పు ఇదియేనా యని నేనడిగితిని. కాదని తల యడ్డముగా ఊపెను. ఆ యేడు మైదానములో నలుగురు తెలుగువారు ఈయన ప్రక్కన కూర్చుండి చప్పట్లు కొట్టిరట. మునుపు తానొక్కడే కొట్టినప్పటి రుచి అందులో లేదట. ఇది కొంచెము స్వార్థపుమాట. కాని చిన్న మూటవలె దాచుకొన్న ప్రేమ ఒకనాడు ప్రభుత్వపు గెజిట్టులో అచ్చయిన చిన్నబోవుట సహజమే.

ఆ మీది కథను త్వరగా చెప్పెదను. జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసైనది. 1960లో రోవర్సు గెలిచిరి. 1962లో ఈస్టు బెంగాలుతో పంచుకొనిరి. 1963లో మరల గెలిచిరి. డ్యూరాండు 1954, 1957, 1961లలో వచ్చినది. రహీమ్ సాహెబు శిక్షణలో భారతజట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్కులో నాలుగవ స్థానము నందినది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, మన దేశము పేరెత్తినచో గోలచేయుచుండిన లక్షమంది జనము నడుమ, దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించి ఆసియా క్రీడలలో స్వర్ణము తెచ్చినది. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరియుండెను. 1963 జూన్ 11న మరణించెను. ఆ వార్త వచ్చిన దినమున మా జమ్మలమడుగు పంతులు బడికి సెలవిచ్చెనట. పిల్లలు కారణమడుగగా, మన పంతులొకాయన పోయెనని చెప్పెనట. ఆయన ఎన్నడును రహీమును చూచినవాడు కాడు.

జట్టు క్రమముగా సన్నగిలినది. ఫతేమైదానము 1967లో లాల్ బహదూర్ స్టేడియమైనది. ప్రజల కన్ను క్రికెట్టు వైపు మరలినది. మా పల్లెలలో ఫుట్‌బాలు ఆడు పిల్లలు అరుదైరి. రోవర్సు కప్పు సైతము ఇరువదవ శతాబ్దము ముగియుటతోడనే నిలిచిపోయెను. నూరేండ్లకు పైగా నడచిన పోటీ అట్లు ఆగిపోయినందుకు మా సీమలో ఏడ్చినవారెవరును లేరు. ఏడ్వవలసిన ముగ్గురిలో ఇద్దరు అప్పటికే పోయిరి.

ముందుగా పోయినది హెడ్డుగారు. పిదప మా మామ. చివరి శ్రావణమున ఆయనను నేనే కారులో గండికి తీసికొనిపోతిని. నది ఎండిపోయి సన్ననిధారగా నుండెను. దర్శనమైన తరువాత ఇసుకలో కుర్చీ వేసి కూర్చుండబెట్టితిమి. ఆయన తలయెత్తి రెండు కొండల నడుమ చాలసేపు చూచెను. నాకు గుండె ఝల్లుమనినది. తోరణము కనబడుచున్నదా మామా యని అడుగబోయి మానుకొంటిని. ఆయనయే నావైపు తిరిగి, “ఎర్రగుంట్లలో మెయిలు ఇప్పుడు ఎన్నిగంటలకు?” అని యడిగెను.

బడిపంతులు చిరకాలము జీవించెను. 2014 జూన్ 2న రాష్ట్రము మరల రెండై, హైదరాబాదు మరల పొరుగుది యైనప్పుడు ఆయన లేడు. ఉండినచో, 1950లోని సరిహద్దు ఇంచుమించుగా మరల వచ్చినదని పటము గీచి చూపి యుండెడివాడు. ఆయనకు పటములు గీయుట యిష్టము.

2024లో రహీమ్ సాహెబును గూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చినది. ఆ శ్రావణమున గండిలో మా తమ్ముని మనుమడు నా ప్రక్కన కూర్చుండి, ఫోనులో దాని బొమ్మలు చూపుచు, “జేజీ, ఈ హైదరాబాదు టీము మనదా?” అని యడిగెను. వానికి ఎర్రగుంట్ల మెయిలు మొదలుకొని చెప్పవలసివచ్చినది. చద్దిమూట, దలాలు, నక్కో, హెల్సింకి దెబ్బలు, దొంగ జ్వరము, పేరు తెలియని తెలుగు ఆటగాడు - అన్నియు చెప్పితిని. వాడు ఓపికగా విని, మొత్తము ఎన్ని కప్పులని యడిగెను.

ఆరు అని చెప్పితిని.